కొత్త నీరు వచ్చిన పది రోజులు చేపకు వదిలేద్దాం

మా అక్కయ్య వాళ్లది నరసరావుపేట. వాళ్ల అబ్బాయి వరండాలో ఒక గాజుతొట్టి పెట్టుకుని రంగుచేపలు పెంచుతాడు. మూడేళ్ల కిందట గుంటూరు నుంచి ఆరు వింత చేపలు తెచ్చాడు. వేలెడు పొడవు, పెన్సిలు మందం కూడా లేవు. పసుపు ఒంటి మీద నల్ల పట్టీలు, మూతి చుట్టూ పొట్టి మీసాలు. చూస్తే చేప అనిపించదు, పాముపిల్ల అనిపిస్తుంది. పగలంతా ఇసుకలో దూరి పడుకుంటాయి. పేరు అడిగితే 'కూలీ లోచ్' అన్నాడు. కూలీలకూ దానికీ సంబంధం లేదు లెండి. 1821లో జావా దీవిలో చనిపోయిన కూల్ అనే జర్మన్ పరిశోధకుడి పేరు పెట్టారు. మలేషియా, ఇండోనేషియా వాగుల్లో ఉండే చేప అది.

రెండేళ్లు గడిచినా అవి గుడ్లు పెట్టలేదు. ఇవి తొట్టిలో పిల్లలు పెట్టే రకం కాదని అమ్మినవాడు ముందే చెప్పాడట. సరే, వాడూ ఆశ వదులుకున్నాడు. ఆ రెండో ఎండాకాలంలో బోరు నీరు వేడెక్కిపోయింది, తొట్టిలో నీళ్లు ఇంకిపోతూ వచ్చాయి. జూన్‌లో నాలుగు వానలు పడ్డాక, డాబా మీద పడి కారే నీళ్లు డ్రమ్ములో పట్టి, తొట్టిలో సగం పాతనీరు తీసేసి ఈ చల్లని నీళ్లు పోశాడు. అంతకుమించి చేసిందేమీ లేదు. నెల తర్వాత ఫిల్టరు కడుగుదామని విప్పితే లోపలి మురికిలో దారప్పోగుల్లాంటివి కదులుతున్నాయి. లెక్కపెడితే పదకొండు పిల్లలు. "మామయ్యా, ఫిల్టర్లో పాములు పుట్టాయి" అని ఫోన్ చేశాడు.

రెండెకరాల కౌలు చేసుకునే మనకు ఈ గాజుతొట్టి గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. పెదకూరపాడు చుట్టుపక్కల పత్తికీ మిర్చికీ మందు కొట్టడానికే పొద్దు చాలదు, రంగుచేపలు ఎవడు పెంచుతాడు? నిజమే. పెంచమని నేను చెప్పను. కానీ ఆ తొట్టిలో జరిగింది మన వాగులో, మన బోదెలో, మన మడిలో ఏటా జరిగేదే. అక్కడ గాజు ఉంది కాబట్టి కనిపించింది. ఇక్కడ బురదనీరు కాబట్టి కనిపించదు.

రెండు సంగతులు గమనించండి. మొదటిది, చేప గుడ్లు పెట్టింది మేత పెరిగినందుకు కాదు, వయసు వచ్చినందుకు కూడా కాదు. వయసు ఎప్పుడో వచ్చింది. కడుపులో గుడ్లు తయారుగా ఉండి కూడా కబురు కోసం ఆగింది. ఆ కబురు కొత్తనీరు. నీరు చల్లబడడం, పల్చబడడం, మబ్బు పట్టి గాలి ఒత్తిడి తగ్గడం, ఇవన్నీ కలిసి వాన వచ్చిందని దానికి చెబుతాయి. లోచ్ జాతి చేపలకు ఈ తెలివి మరీ ఎక్కువ. యూరప్‌లో ఈ జాతిలోని ఒక చేపను సీసాలో పెట్టుకుని, అది అటూ ఇటూ కొట్టుకుంటే తుపాను వస్తుందని లెక్క వేసుకునేవారు. దాన్ని వాతావరణ చేప అనే పిలుస్తారు. చీమలు గుడ్లు మోసుకుపోతుంటే వాన వస్తుందని మన పెద్దవాళ్లు అనడం లేదూ, అలాంటిదే.

రెండోది, పిల్లలు బతికింది ఫిల్టరులో. ఎప్పుడూ అడుగున ఇసుకలో దూరే ఈ చేపలు గుడ్లు పెట్టే వేళకు మాత్రం పైకి వస్తాయి. నీటి మీద తేలే మొక్కల వేళ్లలో లేత ఆకుపచ్చ గుడ్లు వదులుతాయి. పెంచేవాళ్లకు మొదట ఆశ్చర్యం కలిగించింది ఇదే. వదిలాక వాటి కాపలా ఏమీ ఉండదు. గుడ్డు కనిపిస్తే తల్లి కూడా తింటుంది. తొట్టిలో పడినవన్నీ అలా పోగా, ఫిల్టరులోకి జారిపోయినవి మాత్రం పెద్దచేపల నోటికి అందక మిగిలాయి. అంటే గుడ్డుకు కావలసింది రెండే: కొత్తనీరు, పెద్దచేప రాలేని ఒక మూల.

ఇప్పుడు మన పొలానికి వద్దాం. తొలకరి పడి వాగు పారిందంటే చేప ఎదురెక్కుతుందని మీలో ఎవరికి తెలియదు? వాగు నుంచి కుంటలోకి, కుంట నుంచి బోదెలోకి, బోదె నుంచి మడిలోకి. నిన్నటిదాకా ఎండిన నేల, ఇవాళ బెత్తెడు నీళ్లు. అక్కడ పెద్దచేపలు ఇంకా చేరలేదు. నేల తడిసి కుళ్లిన ఆకూ అలమూ ఉంటుంది, కంటికి కనిపించని పురుగు పుడుతుంది, పిల్లకు అదే మేత. తొట్టిలో ఫిల్టరు ఎలాగో, చేపకు మన వరిమడి అలాగ.

లోచ్ చుట్టాలు మన దగ్గరా ఉన్నాయి. ఇసుక అడుగున్న వాగులో కాలు పెడితే పాదం కింద సర్రున జారిపోయే చిన్న చేప ఒకటి ఉంటుంది. వేలెడు పొడవు, మచ్చల ఒళ్లు, మూతికి మీసాలు, కంటి కింద చిన్న ముల్లు. పట్టుకుంటే ఆ ముల్లు గుచ్చుకుంటుంది. ఒక్కో ఊళ్లో ఒక్కో పేరుతో పిలుస్తారు, చాలా ఊళ్లలో పేరే పెట్టరు, 'పరకలు' అని మిగతా చిన్నచేపల్లో కలిపేస్తారు. దక్షిణ భారతంలో, శ్రీలంకలో దొరికే ఈ చేపకు శాస్త్రంలో లెపిడోసెఫాలిక్తిస్ థెర్మాలిస్ అని చాలా పెద్ద పేరు ఉంది. మగదాన్ని గుర్తుపట్టడం తేలిక. పక్కరెక్కలో రెండు ముళ్లు అతుక్కుపోయి గట్టిగా, మందంగా ఉంటాయి. దీని దగ్గరి చుట్టమైన జపాను, చైనా లోచ్‌లో మగచేప గుడ్లు పెట్టే వేళకు ఆడదాని నడుముకు ఉంగరంలా చుట్టుకుంటుంది.

కృష్ణ తలాపునే ఇంకో లోచ్ ఉంది. సాగర్ నిండాలంటే మహారాష్ట్ర, కర్ణాటక కొండల్లో వాన పడాలి, ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం దాటి రావాలి, ఆ లెక్క మీకు కంఠతా వచ్చు. ఆ కొండల వాగుల్లోనే పట్టీల లోచ్ ఒకటి ఉంటుంది. మైసూరు రాజ్యంలోని తుంగ నదిలో దొరికిన దాన్నిబట్టి 1920లో నారాయణరావు అనే శాస్త్రజ్ఞుడు బోటియా స్ట్రయేటా అని పేరు పెట్టాడు. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అందంగా ఉంది కదా అని అక్వేరియంల కోసం వాగుల్లో పట్టి అమ్మారు, వాగులూ పాడయ్యాయి, ఇవాళ అది అంతరించిపోయే ప్రమాదం ఉన్న జాతుల జాబితాకెక్కింది. అమరావతి దగ్గర మనం మునిగే నీళ్లు ఆ చేప ఈదిన నీళ్లే. రేపు ఎవరైనా వచ్చి మీ వాగులో మీసాల చేపలు పట్టిస్తే చేపకు ఇంత ఇస్తామంటే తొందరపడవద్దని చెప్పడానికే ఇది రాశాను.

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. చేప ఎదురెక్కే రోజే మనం పట్టే రోజు. మృగశిర కార్తె వచ్చిందంటే చేప తినాలని మనకో ఆచారం. జూన్ మొదటి వారం దాటగానే వచ్చే కార్తె అది, తొలకరి రోజులు. అంటే చేప కడుపు గుడ్లతో బరువెక్కే రోజులు. తూము నోట్లో మావు పెడతాం, బోదెకు అడ్డంగా పాత చీర పడతాం, పిల్లలు బకెట్లు పట్టుకుని మడిలోకి దిగుతారు. నేనూ చిన్నప్పుడు దిగినవాణ్నే. సొనచేప అని ఇష్టంగా వండించుకున్నవాణ్నే. గోదావరి జిల్లాల వాళ్లు పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. ఆ పులస సముద్రం నుంచి గోదావరిలోకి ఎక్కేది గుడ్లు పెట్టడానికే. దారిలో వల వేసి, పెట్టకముందే పట్టి, వేలకు వేలు పోసి కొంటున్నారు. పులస తగ్గిపోయిందని బాధపడేదీ వాళ్లే.

సముద్రం మీద వేట చేసేవాళ్లకు మన తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంది. వాళ్లు ఆ రెండు నెలలు పస్తులుండి అయినా పాటిస్తున్నారు. మన వాగుల్లో, బోదెల్లో ఎవరు ఆపుతారు? పోలీసును పెట్టి ఆపేది కాదిది. పొలం గట్టు మీద నిలబడే రైతు ఆపితేనే ఆగుతుంది.

ఒక తల్లిని పడితే ఎంత పోతుందో చూడండి. కిలో బరువున్న శీలావతి కడుపులో రెండు లక్షలకు పైగా గుడ్లు ఉంటాయి. అందులో నూటికి తొంభై తొమ్మిది పోయినా రెండు వేలు మిగులుతాయి. మన చిన్న పరకల గుడ్లు వందల్లో, వేలల్లోనే ఉంటాయి, అయినా లెక్క అదే దారిలో పోతుంది. కొర్రమీను సంగతి మరీ అన్యాయం. అది గుడ్లు పెట్టి వదిలేసే రకం కాదు, దగ్గర ఉండి కాపలా కాస్తుంది. ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన ఉడుకుతున్నట్టు కదులుతుంటే కింద తల్లో తండ్రో ఉందని మనవాళ్లకు తెలుసు. ఆ గుర్తు చూసే గాలం వేస్తారు. పెద్దది చిక్కుతుంది, పూట గడుస్తుంది. సాయంత్రానికి కాపలా లేని పిల్లలను మిగతా చేపలూ కొంగలూ సున్నా చేస్తాయి.

చేపకు కబురు అందకపోతే గుడ్డు పెట్టదన్న మాట నేను ఊరికే అనడం లేదు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చెరువులో ఎంత పెరిగినా చెరువులో గుడ్లు పెట్టవు. వాటికి వరదనీటి పారుదల కావాలి. అందుకే పూర్వం చేపపిల్లల కోసం నదుల్లో వలలు వేసి ఏరేవారు. బెంగాల్‌లో బంకుర, మిడ్నపూర్ జిల్లాల రైతులు ఒక ఉపాయం చేశారు. ఎండిన పల్లపు నేలకు కట్ట వేసి, వాననీరు ఒక్కసారిగా వచ్చి నిండేటట్టు చేసి, అందులో తల్లిచేపలను వదిలేవారు. వరద వచ్చిందనుకుని అవి గుడ్లు పెట్టేవి. ఆ తర్వాత 1957 జులై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి అనే శాస్త్రజ్ఞుడు ఇంకో చేప మెదడు కింది గ్రంథి నుంచి తీసిన రసం ఎక్కించి శీలావతి జాతి చేపలతో గుడ్లు పెట్టించారు. జులై 10న దేశమంతా చేపల రైతుల దినం జరుపుకునేది అందుకే. ఇవాళ కొల్లేరు చుట్టూ కనిపించే చెరువులన్నిటికీ మూలం ఆ సూదిమందే. మంచిదే. కానీ ఆ సూది మీ బోదెలోని పరకకు ఎవరు వేస్తారు? దానికి వానే సూది, మీ మడే హేచరీ.

"కడుపు నిండని వాణ్ని చేప పట్టొద్దంటావా?" అని మా ఊళ్లోనే ఒకాయన నన్ను నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. అర ఎకరం ఉన్నవాడి ఇంట్లో తొలకరికి చేతిలో రూపాయి ఉండదు, విత్తనాలకే అప్పు, అప్పుడు ఊరికే దొరికే కూర అదొక్కటే. నేను తినొద్దనడం లేదు. కొత్తనీరు వచ్చిన మొదటి పది రోజులు, ఎదురెక్కే చేపను, తూము దగ్గర పట్టొద్దంటున్నాను. అంతే. కుంటలో వల వేసుకోండి. పది రోజుల తర్వాత మడిలోనే పట్టుకోండి. వరి కోతకు ముందు నీరు తీసే వేళకు ఆ పిల్లలే వేలెడంత అయి మీ బోదెలోనే దిగుతాయి, అప్పుడు ఆ తూము దగ్గరే మావు పెట్టుకోండి. ముల్లుతో సహా నమిలి తినే చిన్నచేపలో సున్నపుధాతువు ఎక్కువ, బాలింతలకూ పిల్లలకూ అది ముక్కలు కోసే పెద్దచేప కన్నా మేలు.

మందుల సంగతి చెప్పకపోతే ఈ మాటలన్నీ వృథా. మన పల్నాటి పత్తికీ మిర్చికీ పోసిన మందు అంతా ఇంతా కాదు. ఎండోసల్ఫాన్ చేపకు యమపాశం లాంటిది, 2011లో సుప్రీంకోర్టు ఆపించే వరకు కొట్టాం. సైపర్‌మెత్రిన్ లాంటి పైరిత్రాయిడ్ మందులు ఇప్పటికీ కొడుతున్నాం. మనిషికి అంతగా హాని చేయని మోతాదు కూడా చేపను చంపుతుంది, డబ్బా మీద రాసే ఉంటుంది, మనం చదవం. చేలో కొట్టింది ఆకు మీద పడుతుంది. ఎక్కువ చెడు చేసేది పని అయ్యాక బోదెలో పంపు కడగడం. ఆ ఒక్క కడుగు చాలు, కిందనున్న నాలుగు మడుల్లో పిల్లంతా తెల్లగా తేలుతుంది. పంపు కడిగిన నీరు బోదెకు దూరంగా, చేనుగట్టు మీద పోయండి. ఖాళీ డబ్బా తూములో పారేయకండి. దీనికి పైసా ఖర్చు లేదు.

కాలువ పనులు చేయించేవాళ్లతో కూడా నాకు ఒక పేచీ ఉంది. సాగర్ కుడికాలువకు 1967లో నీళ్లు వదిలినప్పటి నుంచి మన బోదెలు మట్టివే. ఇప్పుడు సిమెంటు చేస్తున్నారు. నీరు ఇంకిపోదు, చివరి భూములకు అందుతుంది, నాకు సంతోషమే. కానీ మురుగుకాలువలో కలిసే చోట గొట్టం చివర జానెడు ఎత్తున గాలిలో వేలాడుతూ వదిలేస్తున్నారు. నీరు దిగుతుంది, చేప ఎక్కలేదు. వేలెడు చేపకు జానెడు ఎత్తు కోటగోడ. గొట్టం కింద నాలుగు రాళ్లు మెట్లుగా పేర్చి మట్టి కొడితే దానికి దారి దొరుకుతుంది. ఇది ఇంజనీరు పని కూడా కాదు, మీ పాలేరు అరగంటలో చేస్తాడు.

జపాన్‌లో ఇదే తప్పు చేసి దిద్దుకున్నారు. అక్కడ లోచ్‌ను దొజో అంటారు, తింటారు కూడా. వేసవి మొదట్లో మడిలోకి నీరు పెట్టగానే కాలువ నుంచి మడిలోకి ఎక్కి గుడ్లు పెట్టేది. మడులు చదును చేసి, కాలువలు లోతుగా తవ్వి సిమెంటు పోశాక దానికి దారి పోయింది, మందులు మిగతా పని చేశాయి. ఆ చేపలు తిని బతికే పెద్దకొంగ ఒకటి 1971 నాటికి అడవుల్లో లేకుండా పోయింది. టొయోకా అనే ఊళ్లో పంజరంలో పెంచిన కొంగలను 2005లో మళ్లీ వదిలారు. వదిలితే చాలదు కదా, మేత కావాలి. అందుకని అక్కడి రైతులు కాలువ నుంచి మడికి చిన్న చిన్న చెక్కమెట్లు కట్టారు, మందులు తగ్గించారు, కప్పపిల్లలు కప్పలయ్యే దాకా మడి ఎండగట్టడం వాయిదా వేశారు. ఆ బియ్యాన్ని 'కొంగలను పెంచిన బియ్యం' అని పేరు పెట్టి మామూలు బియ్యం కన్నా ఎక్కువ ధరకు అమ్ముకుంటున్నారు. మన దగ్గర అలాంటి ధర రేపే వస్తుందని నేను చెప్పను, కొనేవాళ్లు ముందు పుట్టాలి. అయితే అక్కడ కూడా మొదలుపెట్టింది నాలుగు మడులున్న రైతులే.

ఉపాధి హామీలో ఫారంపాండు తవ్వించుకున్నవాళ్లు మీలో ఉంటారు. దాని ఒక మూల మిగతాదాని కన్నా మూరెడు లోతుగా ఉంచండి, నాలుగు తుమ్మకొమ్మలు వేసి పెట్టండి. నీరు తగ్గినా పది చేపలు అక్కడ మిగులుతాయి, కొమ్మల్లోకి కొంగ ముక్కు పోదు. మళ్లీ వాన వచ్చినప్పుడు బోదెకు ఎక్కే తల్లులు అవే.

మా మేనల్లుడి పదకొండు పిల్లల్లో ఏడు బతికాయి. వాడు వాటిని అమ్మలేదు. మొన్న సెలవులకు మా ఊరు వచ్చినప్పుడు రాత్రి టార్చిలైటు పట్టుకుని బోదె దగ్గరకు తీసుకెళ్లమన్నాడు, వెళ్లాం. ఆ సాయంత్రమే పెద్దవాన పడి ఆగింది. తూము దగ్గర వేలెడు మీసాల చేప ఒకటి నీటికి ఎదురుగా కొట్టుకుంటూ, జారిపోతూ, మళ్లీ ఎక్కుతూ కనిపించింది. వెనక ఇంకో రెండు. అప్పటికే అక్కడ ఎవరో మావు పెట్టి వెళ్లారు. ఎవరిదో తెలుసు, పిలిచి అడిగాను. "పది రోజులేగా బాబాయ్, తీస్తాలే" అన్నాడు. తీశాడు. ఈ ఏడు మీ ఊరి బోదెలో నీరు పారిన మొదటి రాత్రి మీరూ ఒకసారి లైటు వేసి చూడండి.